నోర్డా కోసం ఒక సంతకం

"...చచ్చిపోయినవాళ్ళని ఏమైనా చేసుకోండి, పిలిచి విందులు పెట్టుకోండి, నాకేం? మధ్యలో నా సంతకం దేనికి అంటున్నాను!"

"అరవకు హెస్టర్. ఇది పెళ్ళి కాదు, ముద్ర. పెళ్ళి వాళ్ళకి ఎప్పుడో అయింది."

"అయింది, అయింది. పాపం నాకు తెలియదు కదా! నలభై రెండేళ్ళు ఆయన ఇంట్లో నేను అద్దెకున్నాను."

లారూ చేతిలోని పీచ్ పండు జారి సింకులో పడింది. ఆమె దాన్ని తీసి, కడిగి, తొక్క వలిచి, గింజ తీసేసి సీసాలోకి జార్చింది. హెస్టర్ పొయ్యి దగ్గర నిలబడి చక్కెర పాకం కలుపుతోంది. ఏటా సెప్టెంబరులో ఈ వదినా మరదళ్ళు హెస్టర్ వంటింట్లో చేరి నలభై సీసాల పీచ్ పళ్ళు నిలవ పెడతారు. ఇరవై లారూ నేలమాళిగకి, ఇరవై హెస్టర్ నేలమాళిగకి. ఆ రోజు పొద్దున లారూ కత్తితో పాటు ఒక కాగితం కూడా తెచ్చింది. అది బల్ల మీద చక్కెర సంచీ కింద ఉంది.

వెర్ల్ మికెల్సన్ హెస్టర్‌కి భర్త, లారూకి తమ్ముడు. పోయి ఏడాది దాటింది. నోర్డా అతని మొదటి భార్య. ఆమె పోయి నలభై ఎనిమిదేళ్ళు. వాళ్ళిద్దరినీ మ్యాన్‌టై కొండ మీది ఆలయంలో శాశ్వతంగా కలపాలని లారూ కోరిక. బతికున్నవాళ్ళు ఇద్దరు పోయినవాళ్ళ తరఫున పీఠం దగ్గర మోకరించి చేతులు పట్టుకుంటే, ఆ ఇద్దరికీ పరలోకంలో కూడా మొగుడూ పెళ్ళాల బంధం ముడిపడుతుందని లారూ వాళ్ళ మతశాఖ, మోర్మన్ల నమ్మకం. దాన్నే ముద్ర అంటారు. కానీ ఈమధ్య పోయిన మనిషికి ఆ పని చేయించాలంటే అతని దగ్గరివాళ్ళు ఒప్పుకోవాలని వాళ్ళ సంఘం నియమం. వెర్ల్‌కి పిల్లల్లేరు. దగ్గరి మనిషి హెస్టరే.

"నీకు ఇందులో నమ్మకం లేదు కదా?" అంది లారూ.

"లేదు."

"మరి నమ్మనిదానివి, నువ్వు ఏ కాగితం మీద సంతకం పెడితే నీకు పోయేదేముంది?"

పాకం పొంగింది. హెస్టర్ గిన్నె దించింది.

"ఆయన అడిగాడా నిన్ను, చేయించమని?"

లారూ అబద్ధం ఆడదు. అది ఆమెలో హెస్టర్‌కి మొదటినుంచీ ఇష్టమైన సంగతీ, చిరాకు తెప్పించే సంగతీ. "లేదు. ఆసుపత్రిలో నేనే అడిగాను, నోర్డా పని చేయించనా తమ్ముడూ అని."

"ఏమన్నాడు?"

"హెస్టర్‌ని అడుగు, అన్నాడు."

"అంతేనా?"

"అంతే. తర్వాత మంచినీళ్ళు అడిగాడు."

మిగిలిన పళ్ళు ఇద్దరూ కలిసి వలిచారు. లారూ తన ఇరవై సీసాలూ కారులో పెట్టుకుని వెళ్ళింది. కాగితం వదిలేసి వెళ్ళింది.

హెస్టర్ ఈ ఆక్స్‌బో ఊళ్ళోనే పుట్టింది. తండ్రి ప్రెస్బిటేరియన్ మిషన్ బడిలో మాస్టారు. ఆ బడి ఆమెకి ఆరేళ్ళప్పుడే మూతపడింది. చర్చి మాత్రం మిగిలింది, మీద సిలువతో సహా. ఊళ్ళో ఇంకే ప్రార్థన మందిరం మీదా సిలువ ఉండదు. ఆదివారం ఆ చర్చికి వచ్చేవాళ్ళందరూ ఒక బడి బస్సులో పట్టేవాళ్ళు, అదీ సీట్లు మిగిలేవి. లోయంతా మోర్మన్లే. కిరాణా కొట్టు అతను మోర్మన్, పళ్ళ డాక్టరు మోర్మన్, టైర్లు మార్చేవాడు ఆదివారాలు వాళ్ళ బిషప్.

మూడో తరగతిలో ఆమె స్నేహితురాళ్ళందరికీ ఎనిమిదేళ్ళు నిండాయి. ఒక్కొక్కరే శనివారం తెల్లబట్టలు వేసుకుని, నిండా నీళ్ళున్న తొట్టిలో మునిగి బాప్తిస్మం తీసుకుని, సోమవారం బడికి ఏదో పెద్దవాళ్ళయిపోయినట్టు వచ్చేవాళ్ళు. ఇంటికి బంధువులు వచ్చేవాళ్ళు. ఐస్‌క్రీమ్ ఉండేది.

"నీకెప్పుడు?" అని అడిగింది ఒక పిల్ల.

"నాకు అయిపోయింది. ఆరు వారాలప్పుడు."

"నీకు గుర్తుందా?"

"లేదు."

"గుర్తులేకపోతే ఏం లాభం?"

ఇంటికొచ్చి తండ్రిని అడిగితే ఆయన చక్కగా చెప్పాడు. మనం దేవుణ్ణి ఎంచుకోవడం కాదు, మనకి ఊహ తెలియక ముందే దేవుడు మనల్ని ఎంచుకున్నాడు, ఆ నీళ్ళు దానికి గుర్తు. కృప అంటే అదే, మనం చేసి సంపాదించేది కాదు. హెస్టర్‌కి అది అర్థమైంది, నమ్మింది, ఇప్పటికీ నమ్ముతుంది. కానీ ఆ శనివారాలన్నీ మిషన్ ఇంటి మెట్ల మీద కూచుని, తెల్లగౌన్లతో వెళ్ళే కార్లని చూసేది. ఒక పిల్ల గౌను అంచు మీద బురద పడితే బాగుండును అనుకునేది.

ఇరవై రెండో ఏట ఊరి బడి వంటశాలలో చేరింది. ఆమె చేసే బన్నుల కోసం పిల్లలు లైనులో తోసుకునేవాళ్ళు. వెర్ల్ అదే బడిలో గదులు వెచ్చబెట్టే బాయిలర్ చూసుకునేవాడు. చలికాలం పొద్దున్నే బొగ్గు వేసి, గొట్టాలు వేడెక్కేదాకా వంటశాల గుమ్మంలో నిలబడేవాడు. పెళ్ళాం పోయినవాడని అందరికీ తెలుసు. మాట తక్కువ మనిషి. ఒక రోజు హెస్టర్ ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటుంటే చూస్తూ నిలబడ్డాడు.

"మీవాళ్ళకి పాపం కదా ఇది?" అంది ఆమె.

"వాసన చూడ్డం పాపం కాదు."

వారం రోజులు వాసన చూశాడు. రెండో వారం కప్పు పట్టుకొచ్చాడు. బాయిలర్ గది తలుపు వేసుకుని ఇద్దరూ తాగేవాళ్ళు. ఊరికి తెలిసేటప్పటికి ఏడాది పట్టింది. ఇంకో ఏడాదికి పెళ్ళి. పెళ్ళి హెస్టర్ చర్చిలోనే జరిగింది. "మరణం మమ్మల్ని విడదీసేవరకు" అని పాస్టర్ వెనకాల వెర్ల్ పలికినప్పుడు, వెనక బల్ల మీద కూచున్న లారూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆనందబాష్పాలు అనుకుంది హెస్టర్. ఆ ఏడుపు ఆ మాట కోసమేనని, అక్కడితో ఆగిపోయే పెళ్ళి తమ్ముడికి చేశారన్న బాధతోనని ఆమెకి తర్వాత తెలిసింది.

వెర్ల్ వాళ్ళ చర్చికి వెళ్ళడం మానేశాడు గాని ఆ నమ్మకాలు ఒంట్లోంచి పోలేదు. భోజనాల దగ్గర ఇద్దరికీ ఎప్పుడూ ఇదే వాదన.

"దేవుడికి శరీరం ఉంది హెస్టర్. ఎముకలు, మాంసం. మోకాళ్ళున్నాయి."

"దేవుడు ఆత్మ. మోకాళ్ళు మనకి, ఆయన ముందు వంచడానికి."

"మరి ఆయన పోలికలో మనల్ని చేశాడంటే, మోకాళ్ళు ఎక్కణ్ణుంచి చూసి చేశాడు?"

"నీ మోకాళ్ళని చూసి చేసి ఉంటే మాత్రం పనితనం బాగాలేదు. బంగాళాదుంపలు ఇటియ్యి."

ఆయన తండ్రీ కుమారుడూ ఇద్దరు వేరు వేరు మనుషులనేవాడు, ఆమె ఒకే దేవుడనేది. ఆయన పరలోకం మూడంతస్తులనేవాడు, ఆమె ఒక్కటే ఇల్లనేది. ఇద్దరికీ ఒకరి పాఠం ఒకరికి కంఠతా వచ్చింది. ఇవేవీ హెస్టర్‌ని బాధ పెట్టలేదు. బాధ పెట్టింది ఒక్కటే. ఒకసారి పొలం గట్టు మీద నిలబడి వెర్ల్ అడిగాడు, "మీ పరలోకంలో నన్ను నీ పక్కన ఉండనిస్తారా?"

"మా పరలోకంలో పెళ్ళిళ్ళు లేవు. యేసు చెప్పాడు. అక్కడ ఎవరూ ఎవరి పెళ్ళామూ కాదు, అందరూ దేవదూతల్లాగా ఉంటారు."

"అయితే ఇంక అదెందుకు?" అన్నాడు వెర్ల్.

అప్పుడు ఆమెకి నవ్వొచ్చింది, ముద్దొచ్చింది కూడా. ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మనిషి అడిగింది తన గురించేనా? అంతకుముందు ఇదే ప్రశ్న ఇంకెవర్నయినా అడిగి, వేరే జవాబు విన్నాడా?

నోర్డా గురించి ఆమెకి తెలిసినదంతా ముక్కలు ముక్కలుగా తెలిసింది. నలభై రెండేళ్ళలో వెర్ల్ ఆ పేరు ఎత్తింది పదకొండుసార్లు. హెస్టర్ గుర్తుపెట్టుకుంది. ఆలయంలోకి వెళ్ళి ముద్ర వేయించుకోవాలంటే బిషప్ అనుమతి కావాలి. వెర్ల్ సిగరెట్టు మానలేదని బిషప్ అనుమతి ఇవ్వలేదు. వాళ్ళు ఆగలేక ఇంటి ముందుగదిలో మామూలు పెళ్ళి చేసుకున్నారు. అలా చేసుకున్నవాళ్ళు ఏడాది ఆగాలి, అప్పుడు ఆలయం. పది నెలలు గడిచాయి. ఒక జనవరి పొద్దున లోయ దారిలో మంచు మీద బండి జారింది. నోర్డాకి ఇరవై ఒకటి.

ఆ రోజునుంచీ వెర్ల్ సిగరెట్టు ముట్టలేదు. హెస్టర్‌కి ఈ సంగతి పెళ్ళయిన ఆరేళ్ళకి లారూ చెప్పింది, ఆయన మంచితనం కింద. విన్న హెస్టర్ ఆ సాయంత్రం భర్త ముందు కాఫీ కప్పు పెట్టి చాలాసేపు చూసింది. నాకోసం కాఫీ తాగాడు, ఆమె కోసం సిగరెట్టు మానాడు. ఈ రెంటిలో ఏది పెద్దది? ఎవర్ని అడగాలి?

రాయి సంగతి ఇంకా పెద్దది. నోర్డా తల్లిదండ్రులు కూతురి సమాధి మీద ఇద్దరికి సరిపడే రాయి పెట్టించారు. ఒక పక్క నోర్డా పేరు, తేదీలు. రెండో పక్క వెర్ల్ పేరు, పుట్టిన ఏడు, ఒక గీత, ఖాళీ. ఏటా మే నెలాఖరున ఊరంతా సమాధుల మీద పూలు పెట్టే రోజు హెస్టర్ తన తల్లిదండ్రులకి పూలు తీసుకుని ఆ దారినే వెళ్ళాలి. బతికుండి, పక్కన నడుస్తున్న తన భర్త పేరు ఇంకో ఆడదాని రాతి మీద చదువుతూ నడిచింది, నలభై రెండు మే నెలలు. వెర్ల్ పోయినప్పుడు అతన్ని ప్రెస్బిటేరియన్ల మూలలో, తన తండ్రి కాళ్ళ దగ్గర పెట్టించింది. లారూ ఏమీ అనలేదు. అనకపోవడం చూసి హెస్టర్ గెలిచాననుకుంది.

ఇప్పుడీ కాగితం.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె పాస్టర్ కోల్‌మన్‌తో చెప్పింది. ఆయన ఒహాయో నుంచి వచ్చి మూడేళ్ళు. మంచివాడే, కాకపోతే ఇంకా ఊరికి అలవాటు పడలేదు.

"సంతకం పెట్టకండి," అన్నాడు పాస్టర్ వెంటనే. "చనిపోయినవాళ్ళ తరఫున కర్మలు చేయడం మన విశ్వాసం కాదు. నిజం చెప్పాలంటే వాళ్ళని క్రైస్తవులనే అనడానికి నాకు మనసొప్పదు."

"లారూ రోజుకి రెండుసార్లు యేసు పేరున ప్రార్థన చేస్తుంది. నా ఆపరేషన్‌కి ఆమె ఇరవై రోజులు వండిపెట్టింది. ఆ మాట నా ముందు అనకండి."

పాస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ లాక్కుని కూచున్నాడు. "సరే. అయితే ఒకటి అడగనా? మన బోధ ప్రకారం పునరుత్థానంలో పెళ్ళి లేదు. వెర్ల్ అక్కడ మీ భర్త కాడు."

"తెలుసు."

"వాళ్ళ బోధ ప్రకారం మీకు ముద్ర లేదు కాబట్టి, అలా చూసినా మీ భర్త కాడు."

"అదీ తెలుసు."

"మరి మీరు కాపాడుకుంటున్నది ఏమిటి, హెస్టర్?"

ఆమె పాటల పుస్తకాలు సర్దడం మొదలుపెట్టింది. ఇరవై రెండు ఉన్నాయి, సరిగ్గానే ఉన్నాయి, అయినా మళ్ళీ సర్దింది. నోర్డా పది నెలలు కాపురం చేసింది. ఆయన గురక ఆమెకి ఎంత తెలుసు? ఆయన మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం ఎవరు పెట్టారు? చివరి మూడు నెలలు ఒళ్ళు తుడిచింది ఎవరు? రెండు చర్చిల లెక్కల్లోనూ అదంతా మరణంతో సరి. తనవాళ్ళు పెళ్ళే లేదంటారు. వాళ్ళవాళ్ళు ఉందంటారు, కాని అది నోర్డాకి. ఎటు చూసినా గెలిచేది ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్లే.

"హెస్టర్‌ని అడుగు" అన్నాడట. వద్దు అనలేదు. "నాకు హెస్టర్ ఉంది, ఇంక అవేవీ వద్దు" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ తర్వాత మంచినీళ్ళు అడగడానికి ఓపిక ఉంది కదా.

"మీకోసం ప్రార్థన చేయనా?" అన్నాడు పాస్టర్.

"చేయండి. గట్టిగా మాత్రం వద్దు."

గురువారం మధ్యాహ్నం ఆమె కాగితం పట్టుకుని లారూ ఇంటికి నడిచింది. నాలుగు వీధులు. లారూ ముందుగదిలో గోడ నిండా ఫొటోలు. తాతలు, ముత్తాతలు, డెన్మార్క్ నుంచి ఓడలో వచ్చినవాళ్ళు. మధ్యలో నోర్డా, పొట్టి జుట్టు, పళ్ళ మధ్య చిన్న సందు. హెస్టర్ ఫొటో కూడా ఉంది, వెర్ల్‌తో, కిటికీ పక్కన. హెస్టర్ ఎప్పుడూ ఆ రెంటి మధ్య దూరం కళ్ళతోనే కొలుస్తుంది.

లారూ సోఫాలో కాళ్ళు బల్ల మీద పెట్టుకుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. ఆమెకి డెబ్బై ఐదు. గుండె కవాటం ఒకటి పనిచేయడం లేదని, ఆ వయసులో కోయలేమని డాక్టరు చెప్పాడు.

"కూచో. నిమ్మరసం ఉంది ఫ్రిజ్‌లో. కాఫీ అడక్కు."

"నీ ఇంట్లో కాఫీ అడిగే ధైర్యం నాకు లేదులే." హెస్టర్ కూచుంది. "నోర్డా తరఫున ఎవరు మోకరిస్తారు?"

"నేనే. వెర్ల్‌కి మా పెద్దవాడు. నోర్డా నా స్నేహితురాలు, హెస్టర్. తమ్ముడికి పరిచయం చేసింది నేను. పెళ్ళికి గౌను కుట్టింది నేను. ఆలయం కోసం ఏడాది ఆగండి, ఏం కొంప మునిగిపోదు అన్నదీ నేనే." లారూ కాళ్ళు కిందికి దించింది. "నలభై ఎనిమిదేళ్ళుగా ఆ పిల్ల ఎవరికీ చెందకుండా అక్కడ నిలబడి ఉంది. నాలో ఊపిరి ఉండగా ఆ పని అయిపోవాలి. అదొక్కటే అడుగుతున్నా."

"ఆమె ఇంకా ఇరవై ఒకటేనా అక్కడ?"

"అందరూ నిండు యవ్వనంలో తిరిగి లేస్తారు. ముసలితనం ఉండదు."

"అంటే ఆమె మారనక్కర్లేదు. అలాగే ఉంది. నేనేమో చాలా దూరం వెనక్కి నడవాలి."

లారూ నవ్వాపుకోలేకపోయింది. హెస్టర్ నవ్వలేదు.

"నీకూ చోటుంది అక్కడ," అంది లారూ మెల్లగా. "నీకు చెబితే కోపమొస్తుందని చెప్పలేదు. పోయిన మనిషికి ఇద్దరు భార్యలుంటే ఇద్దరితోనూ ముద్ర వేయించవచ్చు."

"నోర్డా ఒక పక్క, నేనొక పక్క."

"అలా అనుకో."

"మధ్యలో ఆయన. హాయిగా."

"హెస్టర్!"

"ఆయనకి ఇద్దరు, మాకు మాత్రం సగం సగం. బాగుంది మీ పరలోకం. మాది నయం, ఎవరికీ ఎవరూ లేరు, పేచీ లేదు."

"మరి పేచీ లేనిదానివి నాలుగు వీధులు నడిచి ఎందుకొచ్చావు?"

హెస్టర్ గోడ కేసి చూసింది, మళ్ళీ కొలిచింది.

"నేను పోయాక నాకు చేయించాలంటే ఏం కావాలి?"

లారూ నిటారుగా కూచుంది. "ముందు నీకు బాప్తిస్మం. నీ తరఫున ఎవరైనా మునుగుతారు."

"నాకు బాప్తిస్మం అయింది."

"నీళ్ళు చిలకరించారంతే, ముంచలేదు. మాకు అది చెల్లదు, నీకు తెలుసు."

"దేవుడికి చెల్లింది. సరే, కానీ. తర్వాత?"

"తర్వాత ఆలయంలో మిగతావి, ఆఖర్న ముద్ర. కానీ ఇక్కడ మేం చేసేది తలుపు తీసి పెట్టడమే. అక్కడ నీకు చెబుతారు. నువ్వు ఒప్పుకుంటేనే అది నిలుస్తుంది, వద్దంటే లేదు. బలవంతం ఉండదు."

"ఒప్పుకుంటానో లేదో అక్కడికి వెళ్ళాక చెబుతాను. మా పాస్టర్ చెప్పిందే నిజమైతే నష్టమేమీ లేదు. నువ్వు చెప్పిందే నిజమైతే, మా ఆయన ఆ గుమ్మంలోంచి తొంగి చూసేటప్పటికి అక్కడ ఎవరు నిలబడి ఉంటారన్నది ఒకటి ఉంది కదా."

"వరుస ఏమీ ఉండదు హెస్టర్. ముందూ వెనకా అన్నది లేదు అక్కడ."

"మీకు ఉండదు. నాకు ఉంటుంది."

ఆమె సంచీలోంచి పెన్ను తీసింది. లారూ ముందుకి వంగి చూసింది. హెస్టర్ కాగితం తిరగేసి, వెనకవైపు ఖాళీలో, బడి వంటశాలలో సరుకుల చీటీలు రాసిన అదే గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. నాలుగు వరుసలు రాసింది. కింద పేరు, తేదీ. కాగితాన్ని బల్ల మీద లారూ వైపు తోసింది.

లారూ కళ్ళజోడు వెతుక్కుంది. దొరకలేదు. "చదువు, నాకు కనబడదు."

హెస్టర్ లేచి కోటు వేసుకుంది. బొత్తాలు పెట్టుకుంటూ, చూడకుండానే చెప్పింది.

"నేను పోయాక, మొదట నాది చెయ్యాలి. మర్నాడు నోర్డాది. అంతవరకు ఆమెకి నా ఒప్పుదల లేదు."

"నాకు డెబ్బై ఐదు, హెస్టర్. నీకు అరవై ఏడు. అప్పటికి నేనుండను."

"తెలుసు," అంది హెస్టర్. "మీ పెద్దవాడికి చెప్పి ఉంచు."